పెద్దమ్మ పళ్ళు

మా పెద్దమ్మ పళ్ళు అలా ఉండడానికి కారణం ఫ్లోరైడు నీళ్ళు కాదు. ఈ సంగతి పోయిన ఏడాది ఆషాఢం నుంచి నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

మా వైపు పళ్ళను చూసి ఎవరూ ఏమీ అనుకోరు. మార్కాపురం నుంచి కనిగిరి దాకా బోర్లలో వచ్చేవి అవే నీళ్ళు. నవ్వితే గారపళ్ళు, నలభై దాటితే పట్టేసిన నడుములు. అందుకని ఎవరి ఒంట్లో ఏ వంకర కనిపించినా ఒకే జవాబు చెప్పడం మాకు అలవాటైపోయింది. పెద్దమ్మకూ అదే జవాబు చెప్పి వదిలేశారు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉంటుంది. ఆమె పైవరసలో ముందున్న రెండు పళ్ళు చిగురు దగ్గర వెడల్పుగా ఉండి కొసకు వచ్చేసరికి సన్నబడతాయి. అంచున గోటితో గిల్లినట్టు చిన్న నొక్కు ఉంటుంది. మోకాలి కింది ఎముక కొడవలిలా ముందుకు వంగి ఉంటుంది. బడికి పోయే వయసులో ఆమెకు కళ్ళు ఎర్రబడి తెల్లటి పొర కమ్మిందట. ఆ తర్వాత కొన్నాళ్ళకు చెవులు పూర్తిగా పోయాయి. నీళ్ళు తాగితే చెవులెందుకు పోతాయని ఎవరూ అడగలేదు.

మా నాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పెద్దమ్మతో మాట్లాడాలంటే మాకు పలకే దారి. అది వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది, దారానికి కట్టిన బలపంతో సహా. పెద్ద అక్షరాలతో రాసి ఇస్తే ఆమె కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చదువుతుంది. చదివితే పైకే చదువుతుంది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చదువుతోందో ఆమెకు తెలియదు. "పక్కింట్లో గిన్నెడు చక్కెర అడిగి తెచ్చినా" అని రాస్తే, పెద్దమ్మ చదవడం పూర్తి కాకముందే పక్కింటామె గోడ అవతల నుంచి "మళ్ళీ ఎప్పుడిస్తారంట?" అని అడుగుతుంది.

నేను నోరు తెరిచి మాట్లాడే మనిషిని కాను. కొత్తవాళ్ళొస్తే వంటింట్లోకి పోతాను. డిగ్రీ చదివిన మూడేళ్ళూ క్లాసులో లేచి నిలబడి జవాబు చెప్పిన గుర్తు లేదు. పలక మీద మాత్రం ఎంతైనా మాట్లాడతాను. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకంలో కథ ఏమిటని పెద్దమ్మ అడిగితే రాసి తుడిచి, రాసి తుడిచి, మధ్యాహ్నమంతా చెబుతాను. వీధి మొత్తానికి ఆ కథలు తెలుసు.

పోయిన ఏడాది మాఘంలో అక్క పెళ్ళయింది. గిద్దలూరు సంబంధం. బావ పొట్టేళ్ళ బేరం చేస్తాడు. సంతల్లో కొని, వ్యాన్‌లో వేసుకుని హైదరాబాదు తీసుకుపోయి అమ్ముతాడు. ఆషాఢం రాగానే కొత్త కోడలు కాబట్టి అక్క పుట్టింటికి వచ్చింది. అప్పటికే కడుపుతో ఉంది. రాత్రుళ్ళు ఒళ్ళు వెచ్చబడుతోందని, తల కడిగితే జుట్టు గుప్పెళ్ళుగా వస్తోందని చెప్పింది. నీళ్ళోసుకున్న కొత్తలో అంతేలే అంది అమ్మ.

వచ్చిన వారానికి గోరింటాకు రుబ్బాం. అక్క చేతులు నేనే పట్టుకున్నాను. ఆమె రెండు అరచేతుల్లోనూ రాగిరంగు మచ్చలున్నాయి. పప్పుగింజంత కొన్ని, అంతకంటే పెద్దవి కొన్ని. పాదాలు చూపించమంటే అక్కడా ఉన్నాయి.

"దురదగా ఉందా?"

"దురదా లేదు, నొప్పీ లేదు. అవేందో నాకూ తెలీదు" అంది అక్క.

అమ్మ వంగి చూసింది. "వేడి. ఆ ఇంట్లో మాంసం తప్ప కూరగాయ వండితేగదా. గోరింటాకు పెట్టు పాపా, చలవ చేస్తాది. మచ్చల మీద మందంగా పెట్టు."

మందంగా పెట్టాను. వేళ్ళకు టోపీలు, అరచేతి నిండా ముద్ద, పాదాల కింద కూడా. మర్నాటికి చేతులు ముదురు ఎరుపుగా పండాయి. ఆ ఎరుపులో మచ్చలు కనిపించలేదు. పోయాయనే అనుకున్నాం. సాయంత్రం బావ వీడియో కాల్ చేస్తే అక్క చేతులు చూపించింది.

"అబ్బ, ఎట్ల పండింది చూడు. నామీద ఎంత ప్రేమో" అన్నాడు బావ. వెనక నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. "మావాడట్లాంటోడు మరి. ఎవరికన్నా పండాల్సిందే."

ఆ రోజు అందరం నవ్వాం. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే పళ్ళు కొరుక్కుంటాను.

కడుపుతో ఉన్నవాళ్ళకు చేసే రక్తపరీక్షలు మా ఊళ్ళోనే ఆసుపత్రిలో చేయించాం. నర్సమ్మ అక్క చేతులు పట్టుకుని రక్తం తీసింది గానీ ఆ చేతుల్లో ఆమెకు కనిపించింది గోరింటాకే. రక్తం మాత్రం రోగాన్ని దాచలేదు. రెండు రోజుల తర్వాత మమ్మల్ని పిలిపించి, గది తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పింది. అక్కకు సిఫిలిస్ ఉంది. సవాయి అని పాతవాళ్ళు అంటారే, అది.

అమ్మ కుర్చీలోంచి లేచింది. "మా పిల్ల అట్లాంటిది గాదు."

"పిల్ల అట్లాంటిదని ఎవరన్నారమ్మా. కూర్చో. మొగుడి దగ్గర్నించి వచ్చింటాది. భయపడేదేం లేదు, పెన్సిలిన్ సూదికి పోతాది. ఈ వారమొకటి, వచ్చే వారం ఇంకొకటి. ఆయనకు గూడ వేయాల. ఈమెకేసి ఆయనకు వేయకుంటే, ఈమె ఆ ఇంటికి పోతానే మళ్ళీ వస్తాది. అప్పుడు కడుపులో బిడ్డ నిలవదు. నిలిచినా మంచిగా పుట్టదు." నర్సమ్మ అక్క వైపు తిరిగింది. "సాయంత్రానికి జ్వరం రావొచ్చు. ఒక్క పూటే. బెదిరిపోవద్దు."

పరీక్ష సూది వేసి చూసి, తర్వాత అసలు సూది వేశారు. అక్క గోడ పట్టుకుని నడిచింది. సాయంత్రానికి చలి, జ్వరం వచ్చి ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు తేలాయి. నర్సమ్మ చెప్పినట్టే అయింది. కానీ అమ్మకు ఆ గదిలో సవాయి అన్న ఒక్క మాట తప్ప ఏదీ వినపడలేదు కదా. "సూది పడలేదు. కడుపుతో ఉండేదానికి ఇంకోటి ఏయిస్తే ఇంకేమన్నా ఉందా? నేను ఒప్పుకోను" అని కూర్చుంది. ఒంట్లోని సూక్ష్మజీవులన్నీ ఒక్కసారిగా చచ్చిపోతున్నప్పుడు ఒళ్ళు అలా కాలుతుందని ఆ రాత్రే ఫోన్‌లో చదివాను. అమ్మకు ఆ మాట చెప్పడానికి నాకు సగం రాత్రి పట్టింది. చెబితే, "నువ్వేమన్నా డాక్టరువా?" అంది. అయినా మర్నాటికి జ్వరం దిగడంతో మెత్తబడింది.

అక్క ఫోన్‌లో బావకు చెప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఫోన్ మంచం మీద పెట్టి, స్పీకర్ వేసి మాట్లాడింది.

"అదా. అదెప్పుడో పెండ్లికి ముందు మాట" అన్నాడు బావ తేలిగ్గా. "ఒక చిన్న పుండు లేచింది. నొప్పి గూడ లేదు. కొబ్బరినూనె పూసినా, అదే పోయింది. నాకిప్పుడేం లేదు, నిమ్మళంగా ఉండా. నాకెందుకు సూది?"

ఆ రోజే లైబ్రరీకి పోయాను. అట్ట ఊడిపోయిన ఒక పాత వైద్యం పుస్తకం అక్కడ ఉందని నాకు తెలుసు. తెలుగులోనే ఉంది. బీరువాల వెనక నిలబడి చదివాను. ఎవరైనా వస్తే మూసేసేదాన్ని. ఆ పుస్తకంలో చెప్పింది, తర్వాత ఫోన్‌లో వెతికింది కలిపితే నాకు అర్థమైంది ఇది.

ఈ రోగం చేసే సూక్ష్మజీవి మెలి తిరిగిన దారపు పోగులా ఉంటుంది. దానికి దాయాదులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి అడవి పక్క ఊళ్ళలో పిల్లలకు చర్మం నుంచి చర్మానికి అంటుకుని పుండ్లు లేపి ఎముకలు తినేదట. మన దేశంలో ఇప్పుడది లేదు, అదే పెన్సిలిన్‌తో తరిమేశారు. ఇది మాత్రం ఉంది. మొదట నొప్పి లేని పుండుగా వస్తుంది. మందు లేకపోయినా మానిపోతుంది. అక్కడే మోసమంతా ఉంది. పుండు మానుతుంది గానీ రోగం రక్తంలోకి దిగుతుంది. కొన్ని వారాలకు అరచేతుల్లో, అరికాళ్ళలో మచ్చలుగా తేలుతుంది. జుట్టు రాలుతుంది. ఆ మచ్చలు కూడా వాటంతట అవే పోతాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చప్పుడు చేయదు. ఎప్పుడో లేచి కొందరికి గుండె దగ్గరి రక్తనాళాన్ని, కొందరికి వెన్నుపామును, కొందరికి మెదడును పట్టుకుంటుంది. కడుపులో బిడ్డ ఉంటే మాయలోంచి దాటి బిడ్డను చేరుతుంది.

ఆ పేజీలోనే పళ్ళ బొమ్మ ఉంది.

రెండు పైపళ్ళు. చిగురు దగ్గర వెడల్పు, కొస సన్నం, అంచున నొక్కు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పళ్ళు. తల్లి కడుపులో ఈ రోగం అంటిన బిడ్డలకు పాలపళ్ళు మామూలుగానే ఉంటాయని, ఆరేడేళ్ళకు వచ్చే పళ్ళు ఇలా ఉంటాయని కింద రాసి ఉంది. కొందరికి కళ్ళకు పొర కమ్ముతుంది, చెవులు పోతాయి, కాలి ఎముక ముందుకు వంగుతుంది. పేరు ఒక్కటి రాయలేదు గానీ మా పెద్దమ్మ గురించే రాసినట్టుంది. పుస్తకం బీరువాలో పెట్టేసి, బయట మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

అప్పటిదాకా విడివిడిగా విన్న మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. అవ్వకు, అంటే మా అమ్మ తల్లికి, మొదటి కానుపులు నిలవలేదు. ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఇంకో బిడ్డ పుట్టాక చర్మం ఊడివచ్చి పోయింది. గ్రహణం పట్టిందన్నారు. అవ్వ కడుపు మంచిది కాదన్నారు. ఆ తర్వాత పుట్టిన పెద్దమ్మను మొహాన మట్టి పూసి పెంటదిబ్బ మీద దొర్లించి, దిబ్బ పేరే పెట్టారు, పనికిరానిదనుకుని చావు దాన్ని వదిలేస్తుందని. చావు వదిలేసింది. పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఇన్నేళ్ళూ అందరూ ఆ చెత్త పేరుతోనే పిలిచారు. చివరికి పుట్టిన మా అమ్మ ఏ లోపమూ లేకుండా పుట్టింది. ఈ రోగం తల్లిలో ఏళ్ళు గడిచేకొద్దీ బలం తగ్గుతుందని, అలా ముందు పుట్టినవాళ్ళు పోయి వెనక పుట్టినవాళ్ళు నిలుస్తారని పుస్తకంలో ఉంది.

మట్టి పూశారు, మొక్కులు మొక్కారు, అవ్వను తిట్టారు. తాతను ఎవరూ ఏమీ అడగలేదు. తాత ఫొటో మా నడవలో ఉంది, ప్లాస్టిక్ పూలదండతో. చివరి రోజుల్లో ఆయన నేల చూసుకుంటూ అడుగులు ఎత్తెత్తి వేసేవాడట, కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటే తూలి పడేవాడట. "దొరలాగా నడిచేవాడు మా నాయన" అని అమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. వెన్నుపాము దెబ్బతింటే అలా నడుస్తారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ ఫొటో ముందు నిలబడ్డాను. దండ తీసి అవతల పారేయాలనిపించింది. పారేస్తే ఎందుకని అడుగుతారు. అందుకని పారేయలేదు.

ఈ సంగతి తెలుసుకునే హక్కు అందరికంటే ముందు పెద్దమ్మకు ఉంది. ఆమెకు చెప్పాలంటే పలక మీద రాయాలి. రాస్తే చదువుతుంది. చదివితే వీధికి వినపడుతుంది. ఇక ఎలా చెప్పను?

తర్వాతి ఆదివారం బావ, వాళ్ళమ్మ వచ్చారు. ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు. ఆ నియమం మా రెండు కుటుంబాలకూ ప్రాణం. కాబట్టి వాకిట్లో వేపచెట్టు నీడన ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. అక్క తలుపు వెనక ఉంది. గడప దాటితే దోషమని కుర్చీలు బయట వేయించుకున్న మనిషే ఆ రోగాన్ని మా అక్క ఒంట్లోకి దాటించాడు. దానికి ఏ దోషమూ లేదు.

అదే సమయానికి నీళ్ళ ట్యాంకరు వచ్చింది. వీధిలో ఆడవాళ్ళందరూ బిందెలు తీసుకుని మా వాకిలి ముందే వరస కట్టారు. లోపలికి పోయి మాట్లాడుకుందామంటే ఆషాఢం అడ్డం. గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు.

"మాఘం నుంచి మా ఇంట్లో ఉండింది వదినా, ఒక్క తుమ్ము తుమ్మలేదు" అంది అక్క అత్త. "మీ ఇంటికొచ్చి పట్టుమని పక్షం గాలేదు, రోగమంట. ఆ మాట ఎవరికి చెప్పుకోవాల? పరీక్ష చేయించింది మీరు. చేయించింది మీ ఊర్లో. మా ఇంట్లో ఉన్నప్పుడు లేంది ఎక్కడ్నించి వచ్చినట్టు?"

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన అరుగు మీద కూర్చుని గోళ్ళలో పలక దుమ్ము గీక్కుంటున్నాడు. బావ ఫోన్ చూసుకుంటున్నాడు.

"అబ్బాయికి గూడ ఆ సూది ఏయిస్తే మేలని నర్సమ్మ చెప్పింది వదినా" అంది అమ్మ.

"మావానికెందుకు? వాడు ఎట్లున్నాడో చూడు, ఎద్దులాగ. రోగం మీ ఇంట్లోనే ఉంది." ఆమె చెయ్యి ఎత్తి, గుమ్మం పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతున్న పెద్దమ్మను చూపించింది. "ఇదో, ఈమెను చూడు. చెవుడు. కండ్లు తెల్లగుడ్లు. కాళ్ళు వంకర. ఆ పళ్ళేంది అట్ల? ఇట్లాంటి ఇంట్లోనుంచి పిల్లను తెచ్చుకున్నాం జూడు."

"అది ఫ్లోరైడు వదినా" అంది అమ్మ ఏడుపు గొంతుతో. "మా ఊర్లో అందరికీ ఉండేదే."

ఆమె మాటలో సగం నిజం ఉంది. ఆ సగం నాకొక్కదానికే తెలుసు. పెద్దమ్మ రోగం తాతతో వచ్చి పెద్దమ్మతో ఆగిపోయింది. అమ్మకు లేదు. అమ్మకు లేనిది అక్కకు పుట్టుకతో రాదు. ఇదంతా ఎవరు వింటారు? ఫ్లోరైడు కాదని నేను ఒక్క మాట అంటే చాలు, బావ జన్మంతా దోషం లేనివాడైపోతాడు, మూడు తరాల ఆడవాళ్ళు దోషులవుతారు.

"ఆషాఢం పోతానే పిల్లను పంపీండి. సూదులు గీదులు చాలు" అన్నాడు బావ, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. "నేనైతే ఏయించుకోను. ఎవరికన్నా తెలిస్తే సంతలో నా మొహం మీద ఊస్తారు."

తలుపు సందులోంచి అక్క కనిపిస్తోంది. కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. గోరింటాకు గోళ్ళ దగ్గర మాసిపోవడం మొదలైంది. ఆ ఇంటికి అలాగే పోతే ఏమవుతుందో ఆమెకూ తెలుసు. వేయించుకునేది సూది, ఒక నిమిషం నొప్పి. దాన్ని తప్పించుకోవడానికి ఇంత పెద్ద మగవాడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అవతల ఒక బిడ్డ ప్రాణం.

తనవైపు చెయ్యి చూపించడం పెద్దమ్మ చూసింది. చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఏందంట? నా గురించా? ఏమైంది పాపా?" అని గట్టిగా అడుగుతూ, మేకుకున్న పలక తీసి నా చేతిలో పెట్టింది.

ట్యాంకరు దగ్గర ఎంతమంది ఉన్నారో నేను చూశాను. చూసే రాశాను. బలపం విరిగితే సగం ముక్కతోనే రాశాను. రాసి పెద్దమ్మ చేతికి ఇచ్చాను.

పెద్దమ్మ పలకను కంటికి ఆనించుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. "అల్లునికి... సవాయి రోగం. పెండ్లికి ముందు నుంచి ఉంది. అక్కకు అంటించినాడు. సూది ఏయించుకోనంటాడు. ఏయించుకోకుంటే... కడుపులో బిడ్డ బతకదు."

ట్యాంకరు పైపులోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఒకామె బిందె నిండి పొర్లిపోతున్నా తీయలేదు.

పెద్దమ్మ పలక దించి బావను చూసింది. తర్వాత నన్ను చూసింది. "సవాయంటే ఏంది పాపా?" అని అడిగింది, అంతే గట్టిగా.

బలపం నా చేతిలోనే ఉంది. పలక మీద చోటు కూడా ఉంది. "ఒక రోగం" అని రాశాను. "ఒక రోగం" అని చదివి, తృప్తిపడి తల ఊపింది. నా బతుకులో ఇంతకంటే సిగ్గుపడాల్సిన అబద్ధం రాయలేదు. రాయించింది నేను కాదు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళూ, గోడ మీద దండ వేసుకుని ఉన్న తాతా రాయించారు.

మొదట నోరు తెరిచింది నీళ్ళ వరసలో ఉన్న ఒక ముసలామె. "ఏయించుకో నాయనా, దాంట్లో ఏముంది. కుక్క కరిస్తే ఏయించుకోరా?"

"కరిచింది కుక్క గాదులే అవ్వా" అంది ఇంకెవరో. ఎవరో నవ్వారు.

బావ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. బండి స్టార్ట్ చేసి, వాళ్ళమ్మ సరిగ్గా ఎక్కకముందే కదిలించాడు. అమ్మ నా చేతిలోంచి పలక లాక్కుని నేలకేసి కొట్టింది. "నోరు లేని పిల్ల అనుకున్నా గదే నిన్ను" అంది. నాయన ముక్కలు ఏరి ఒకచోట పెట్టాడు. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి కొత్త పలక తెచ్చి అదే మేకుకు తగిలించాడు. నాతో ఏమీ అనలేదు. అప్పుడు మాట్లాడని మనిషి ఇప్పుడెందుకు మాట్లాడతాడు.

అక్క మాత్రం వంటింట్లో నా పక్కనుంచి పోతూ కూడా నా వైపు చూడలేదు. రెండో సూదికి తనే చెప్పులేసుకుని బయల్దేరింది. వెంట వస్తానంటే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

ఆషాఢం పోయాక బావ అక్కను తీసుకుపోవడానికి వచ్చాడు. బండి దిగి కుంటుతూ నడిచాడు. తనను ఎవరూ ఎరగని నంద్యాలకు పోయి సూది వేయించుకున్నాడట. రెండోది వేసి మూడు రోజులు కాలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నిలబడే కాఫీ తాగాడు. గిద్దలూరులో అడిగినవాళ్ళకు కుక్క కరిచిందని చెప్పుకుంటున్నాడని అమ్మ చెప్పింది. నేను కిటికీలోంచి ఆ కుంటు నడకను చివరిదాకా చూశాను. ఆ నెలలో నాకు కడుపు నిండిన రోజు అదొక్కటే.

వీధిలో మమ్మల్ని పలకరించడం తగ్గించారు. ట్యాంకరు దగ్గర మా బిందె పక్కన బిందె పెట్టడానికి వెనకాడారు, నీళ్ళలోంచి వచ్చే రోగమన్నట్టు. గిద్దలూరులో మాత్రం బావ ఎప్పటిలాగే సంతలకు తిరుగుతున్నాడు. అతనితో బేరం మానుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

మొదటి కానుపు పుట్టింట్లో జరగాలి. వాళ్ళు పంపలేదు. ఆ పలక ఉన్న ఇంటికి కోడల్ని పంపేది లేదంది అక్క అత్త. గిద్దలూరులోనే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ రక్తం పరీక్ష చేశారని, ముందుజాగ్రత్తగా ఒక సూది వేశారని, బాగుందని అమ్మకు ఫోన్ వచ్చింది. మూడో నెలలో చూడటానికి పోయాం. అమ్మను, నాయనను ముందు గదిలో కూర్చోబెట్టి అక్క అత్త టీ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

అక్క లోపలి గదిలో బిడ్డకు పాలిస్తోంది. నన్ను చూసి, రమ్మని తల ఊపింది. ఆషాఢం తర్వాత అదే మొదటిసారి. బిడ్డ బొద్దుగా ఉంది. అరచేతులు తెరిచి చూశాను, గులాబీ రంగులో శుభ్రంగా ఉన్నాయి. ఏడుపొచ్చింది. అక్క బిడ్డను నా ఒళ్ళో పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది. చూపుడు వేలితో బిడ్డ పైపెదవి పైకెత్తి, పళ్ళు లేని చిగురును నాకు చూపించింది. ఆమె దిండు కింద ఫోన్ ఉంది. నేను చూసిన బొమ్మ ఆమె కూడా చూసిందని అప్పుడు అర్థమైంది. పెద్దమ్మ గురించి నాలాగే ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

"బిడ్డకేం కాదక్కా. నీకు సమయానికి సూదులు పడినాయి. రక్తం బాగుందన్నారు గదా" అన్నాను.

అక్క బిడ్డను నా ఒళ్ళోంచి తీసుకుంది. ముందు గదిలో వాళ్ళత్త గొంతు వినిపిస్తోంది. మా ఊరి నీళ్ళ గురించే ఏదో చెబుతోంది. అక్క తలుపు వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ పళ్ళు ఏడేండ్లకు గాని రావంట. నువ్వు మళ్ళీ పలక పట్టుకుంటే నా బిడ్డను గూడ పెద్దమ్మను చేస్తారు. అప్పటిదాకా నువ్వు ఈ ఇంటికి రావాకు."